సైన్యం ఎంతమంది? చట్టసభ వేసే లెక్క, ఆ లెక్కలోని కంతలు

(రాజ్యాంగ చట్టం చదువుతున్న విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం. చివర సభికుల ప్రశ్నలు, జవాబులు.)

అందరికీ నమస్కారం. ముందు ఐదు అంకెలు చదువుతాను, రాసుకోండి. ఆర్మీ 4,42,300. నేవీ 3,32,300. మెరైన్ కోర్ 1,72,300. ఎయిర్ ఫోర్స్ 3,20,000. స్పేస్ ఫోర్స్ 9,800. కూడితే 12,76,700.

ఇవి ఎవరో పత్రికలో వేసిన అంచనాలు కావు. 2025 ఆర్థిక సంవత్సరానికి అమెరికన్ కాంగ్రెస్, అంటే వాళ్ల పార్లమెంటు, చేసిన రక్షణ చట్టంలో అచ్చయిన అంకెలు. 2025 సెప్టెంబరు 30 నాటికి పూర్తికాల కొలువులో ఇంతమంది ఉండవచ్చని ఆ చట్టం అధికారం ఇచ్చింది. అధ్యక్షుడు సర్వసేనాధిపతే. అయినా తన సైన్యంలో ఎంతమంది ఉండాలో తేల్చే మాట ఆయనది కాదు.

వినడానికి ఇది చాలా గట్టి కళ్లెంలా ఉంటుంది. గట్టిదా కాదా అన్నది అంకెను చూస్తే తెలియదు. లెక్కలోకి ఎవరు వస్తారు, ఏ రోజున లెక్కిస్తారు, జీతం ఎవరి ఖజానాలోంచి వెళ్తుంది, లోపలికి వచ్చినవాడు ఎన్నేళ్లకు బయటికి వెళ్తాడు, ఇవి చూడాలి. నేను చెప్పబోయేదంతా వీటి చుట్టూనే తిరుగుతుంది. అంకె మీద సభలో ఎంత రభస జరిగినా, చట్టం పనిచేసేదీ బోర్లాపడేదీ ఇక్కడే.

కథ ఇంగ్లండులో మొదలవుతుంది. శాంతికాలంలో పార్లమెంటు సమ్మతి లేకుండా రాజ్యం లోపల స్థిరసైన్యాన్ని పోషించడం చట్టవిరుద్ధమని 1689 నాటి హక్కుల చట్టం తేల్చింది. అందులో అంకె ఏమీ లేదు. కళ్లెం వేరే చోట ఉంది. అదే ఏడాది వచ్చిన మ్యూటినీ చట్టంలో. తిరగబడిన సిపాయినీ, పారిపోయిన సిపాయినీ కోర్టు మార్షల్ చేసి శిక్షించే అధికారాన్ని ఆ చట్టం ఇచ్చింది. కానీ దాని ఆయుష్షు కొద్ది కాలమే, మళ్లీ మళ్లీ పొడిగించుకోవాలి. పొడిగించకపోతే సైన్యంలో క్రమశిక్షణకు చట్టబలం ఉండదు. కాలక్రమంలో ఆ ఏటికి ఎంతమంది సైనికులుండాలో ఆ చట్టం పీఠికలోనే రాయడం ఆనవాయితీ అయింది. సంఖ్య, శిక్షాధికారం, డబ్బు, మూడూ ఏడాదికోసారి సభ గడప తొక్కాల్సిందే.

ఆ అంకె నిజంగా కరిచిన సందర్భం ఒకటుంది. 1697లో ఫ్రాన్సుతో సంధి కుదరగానే కామన్స్ సభ సైన్యాన్ని తెగ్గోసే పనిలో పడింది. 1699 నాటి చట్టంతో ఇంగ్లండులో 7,000 మంది, ఐర్లండులో 12,000 మంది, అంతే అంది. వాళ్లు కూడా ఆ గడ్డ మీద పుట్టినవాళ్లే అయ్యుండాలంది. డచ్చి దేశం నుంచి వచ్చిన మూడో విలియం రాజు తన సొంత డచ్చి గార్డులను ఓడలెక్కించి ఇంటికి పంపాల్సి వచ్చింది. సింహాసనం వదిలి వెళ్లిపోతానని ఉపన్యాసం కూడా రాసుకున్నాడాయన, చదవలేదు అంతే. ఇక్కడ ఐర్లండు అంకె గమనించండి. ఇంగ్లండు కంటే పెద్దది. ఎందుకంటే ఆ పటాలాల ఖర్చు ఐర్లండు ఖజానా భరించేది. లండనులో పన్ను కట్టేవాడికి భారం లేదు, వాడి వీధిలో సిపాయి కనబడడు. ఆ చట్టం వచ్చాక మూడేళ్లు తిరిగేసరికి స్పెయిన్ వారసత్వ యుద్ధం వచ్చింది, సైన్యాన్ని మళ్లీ మొదటినుంచి పోగుచేసుకున్నారు.

ఇదే కిటుకు మన దేశంలో ఇంకా పెద్ద ఎత్తున ఆడింది. 1788లో బ్రిటన్ ప్రధాని పిట్ ప్రభుత్వం ఒక చట్టం తెచ్చింది. భారత ఆదాయంలోంచి ఖర్చు పెట్టి పోషించదగ్గ ఐరోపా సైనికుల మీద అందులో పరిమితి పెట్టారు: రాజుగారి దళాలు 8,045, ఈస్టిండియా కంపెనీ సొంత ఐరోపా దళాలు 12,200. లండనులో మంత్రులు తమకిష్టమొచ్చినన్ని రెజిమెంట్లు ఓడల్లో పంపించి బిల్లు కంపెనీ మీద రాస్తారన్న భయమే దీనికి కారణం. సరే, మరి సిపాయిలు? వాళ్ల మీద ఆ చట్టంలో పరిమితి లేదు. తరువాతి ఇరవై ఏళ్లలోపే కంపెనీ సిపాయిల సంఖ్య లక్ష దాటింది. ఉత్తర సర్కారుల్లోంచి మద్రాసు సైన్యంలో చేరిన మన తెలుగువాళ్లు ఆ లెక్కలేని లెక్కలోని వాళ్లే. తెల్ల సోల్జరును ఒక్కొక్కరినీ లెక్కబెట్టిన పార్లమెంటుకు నల్ల సిపాయి అంకెగా కూడా కనబడలేదు.

కనబడిన రోజు తొంభై ఏళ్ల తరువాత వచ్చింది. 1878. రష్యాతో యుద్ధం వస్తుందేమోనన్న కాలం. ఈస్టర్ సెలవులకు సభ వాయిదా పడిందో లేదో, డిజ్రేలీ ప్రభుత్వం సుమారు 7,000 మంది భారతీయ సైనికులను బొంబాయి నుంచి మాల్టా దీవికి రప్పిస్తోందన్న సంగతి బయటపడింది. వాళ్లలో మద్రాసు సాపర్లు, అంటే సైన్యపు ఇంజనీరింగ్ దళం వాళ్లు, కూడా ఉన్నారు. సభ మళ్లీ కూడగానే ప్రతిపక్షం లేచింది. మ్యూటినీ చట్టం పీఠికలో ఆ ఏటి సంఖ్య రాసి, ఇండియాలో పనిచేస్తున్న దళాలు ఇందులో కలవవని మినహాయింపు ఇచ్చారు కదా. ఇండియా దాటి మధ్యధరా సముద్రంలోకి వచ్చాక ఆ మినహాయింపు ఎక్కడిది? మీరు పార్లమెంటు అడ్డుగీత దాటేశారు అన్నది వాళ్ల వాదన. హక్కుల చట్టం రాజ్యం లోపల అంది, మాల్టా రాజ్యం లోపల కాదు అని ప్రభుత్వం జవాబు. ఓటింగులో ప్రభుత్వమే గెలిచింది, 347కి 226. చట్టం చదివేవాళ్లకు ఈ చర్చ విందు భోజనం. గొడవంతా 7,000 అన్న అంకె మీద కాదు, ఆ మనిషిని ఏ పట్టీలో రాయాలన్న దాని మీద.

బ్రిటన్ పార్లమెంటులో నేటికీ ఏటా ఈ ఓటు ఉంది. ఓట్స్ ఏ అంటారు. ఒక్కో దళంలో గరిష్ఠంగా ఎంతమంది ఉండవచ్చో అందులో ఉంటుంది. ఉన్న బలం కంటే కాస్త పైకే వేసుకుంటారు కాబట్టి ఎవరికీ తగలదు, మామూలుగా చర్చ కూడా లేకుండా వెళ్లిపోతుంది. అలంకారమని నా అభిప్రాయం.

ఇక అమెరికా. ఇంగ్లండు మీద తిరగబడి పుట్టిన దేశం కదా, స్థిరసైన్యమంటే పీడకల. 1784 జూన్ 2న కాంగ్రెస్ ఉన్న సైన్యాన్ని రద్దు చేసి 80 మందిని మిగిల్చింది. ఫోర్ట్ పిట్‌లో 25, వెస్ట్ పాయింట్‌లో 55, సామాన్లకు కాపలా. కెప్టెన్ కంటే పై హోదా అధికారి ఉండకూడదు. మర్నాడే సరిహద్దు కాపలాకు 700 మంది మిలిషియాను, అంటే రాష్ట్రాల పౌర దళాన్ని, పంపమని నాలుగు రాష్ట్రాలను అడగాల్సి వచ్చింది. 1787లో రాజ్యాంగం రాసేటప్పుడు ఎల్‌బ్రిడ్జ్ గెరీ అనే ప్రతినిధి శాంతికాల సైన్యం రెండు మూడు వేలు మించకూడదని రాజ్యాంగంలోనే రాసేద్దామన్నాడు. సభ ఒప్పుకోలేదు. బదులుగా వేరే తాళం వేసుకున్నారు: సైన్యానికి కేటాయించే డబ్బు ఏ ఒక్కసారీ రెండేళ్లకు మించి ఉండకూడదు. నా లెక్కన ఇదే తెలివైన పని. రాజ్యాంగంలో 3,000 అని రాసి ఉంటే పాతికేళ్లలో దాన్ని చించి పారేసేవారు. రెండేళ్ల నియమం ఇప్పటికీ బతికే ఉంది.

ఆ తరువాత వందేళ్లపాటు చట్టంలో అంకెలు ఎక్కుతూ దిగుతూ ఉన్నాయి: 1815లో 10,000, 1821లో దాదాపు 6,000, అంతర్యుద్ధం ముగిసి సద్దుమణిగాక 25,000 సిపాయిలు. అంకెకూ డబ్బుకూ ఉన్న తేడా బాగా బయటపడింది 1920లో. ఆ ఏటి జాతీయ రక్షణ చట్టం 2,80,000 మంది సిపాయిలకు అధికారం ఇచ్చింది. కాగితం మీద. కేటాయింపుల సంఘం రెండేళ్లలోనే 1,25,000కు సరిపడా జీతం డబ్బే ఇచ్చింది. చట్టం మార్చలేదు, అంకె అలాగే ఉంది, మనుషులు మాత్రం సగానికంటే తక్కువ. ఒక సభ చేతిలోనే రెండు పెన్నులుంటాయని గుర్తుపెట్టుకోండి. ఒకటి అధికారం ఇచ్చేది, ఒకటి డబ్బిచ్చేది. రెండోదే అసలైనది.

ఇప్పుడున్న పద్ధతి 1972 ఆర్థిక సంవత్సరం నుంచి మొదలైంది. వియత్నాం యుద్ధంతో విసిగిపోయిన కాంగ్రెస్ ఏటా పూర్తికాల సిబ్బంది సంఖ్యను కూడా చట్టం ద్వారానే ఖరారు చేస్తానంది. ఇదెలా నడుస్తుందో కాస్త నిదానంగా చూద్దాం, ఎందుకంటే కంతలన్నీ ఈ దారిలోనే ఉన్నాయి.

ఏడాది మొదట్లో అధ్యక్షుడి బడ్జెట్‌తో పాటు ఒక్కో దళానికి కావలసిన సంఖ్య వస్తుంది. ఉభయసభల రక్షణ సంఘాలు దాన్ని తడిమి రక్షణ అధికార చట్టంలో నాలుగో భాగంలో పెడతాయి. 401వ సెక్షనులో పూర్తికాల దళాలు, 411లో రిజర్వులు, అంటే అవసరమైతే పిలిపించే పార్ట్‌టైం సైనికులు, తరువాతి సెక్షన్లలో రిజర్వుల్లోనే పూర్తికాలం పనిచేసేవాళ్లు, సైనిక టెక్నీషియన్లు, ఇలా విడివిడిగా. జీతాల డబ్బు వేరే సంఘం, వేరే బిల్లు. ఆర్థిక సంవత్సరం అక్టోబరు 1న మొదలవుతుంది. చట్టం మాత్రం చాలాసార్లు డిసెంబరులో గానీ సంతకానికి రాదు. అంటే మూడు నెలలు గడిచిపోయాక ఆ ఏటి అంకె తెలుస్తుంది. ఈలోగా నియామకాల అధికారి పాత అంకెతోనే బండి లాగిస్తుంటాడు. అంకె పెరిగితే మిగిలిన తొమ్మిది నెలల్లో ఏడాది పని చేయాలి, తగ్గితే అప్పటికే చేర్చుకున్నవాళ్లకు లెక్క సర్దాలి.

చట్టంలోనే కొంత వెసులుబాటు ఉంది. దేశ ప్రయోజనమనుకుంటే రక్షణ మంత్రి ఆ అంకెను 3 శాతం దాకా పెంచవచ్చు. ఆ దళపు కార్యదర్శి తన స్థాయిలో 2 శాతం, అది ఆ మూడులో భాగమే. 4,42,300లో 3 శాతమంటే 13,269 మంది. ఒక డివిజన్ అంత. ఇది ముందునుంచీ తెలిసిన జారుముడి, తప్పుపట్టాల్సింది కాదు. మనిషి ఎప్పుడు రాజీనామా ఇస్తాడో, ఎప్పుడు గాయపడతాడో ఎవరికి తెలుసు? లక్షల మంది పట్టీని ఒక నిర్దిష్ట రోజున ఒక్క మనిషి తేడా లేకుండా నిలబెట్టడం ఎవరి తరమూ కాదు.

ఇక ఆ రోజు. సెప్టెంబరు 30. చట్టం చూసేది ఆ ఒక్క రోజునే. ఉదాహరణకు లక్ష మందికి అధికారం ఉన్న దళం ఏడాదంతా 1,03,000 మందిని ఉంచుకుని ఆఖరి వారంలో లక్షకు దించితే సంఖ్య చట్టం ప్రకారం తప్పు లేదు. జీతాలు మాత్రం 1,03,000 మందికి చెల్లించారు. అందుకే డబ్బిచ్చే సంఘం ఆఖరి రోజు సంఖ్య చూడదు, ఏడాది సగటు చూస్తుంది. సగటు తక్కువగా వచ్చిన దళానికి మిగులు కోసేస్తుంది. ఒకే దళాన్ని ఇద్దరు రెండు కొలబద్దలతో కొలుస్తుంటారు. సిబ్బంది విభాగంలో పనిచేసేవాళ్లకు నిద్రపట్టనిది ఈ రెండింటినీ ఒకేసారి సర్దడంలోనే.

ఎలా సరిపెడతారు? సంతకం చేసి శిక్షణకు ఇంకా బయల్దేరని కుర్రాడు పూర్తికాల లెక్కలోకి రాడు. శిక్షణ కేంద్రానికి బయల్దేరిన రోజు నుంచే వస్తాడు. కాబట్టి బస్సెక్కే తేదీని సెప్టెంబరు 28 నుంచి అక్టోబరు 3కు జరిపితే ఆ ఏటి లెక్కలోంచి ఒక మనిషి తగ్గాడు. ఎక్కువ కావాలంటే ముందుకు జరపడమే. వేసవిలో హైస్కూలు ముగించిన పిల్లలు గుంపుగా వస్తారు, అప్పుడు పట్టీ ఉబ్బుతుంది. ఉబ్బింది దించడానికి గడువు తీరబోయేవాళ్లను కొన్ని వారాల ముందే ఇంటికి పంపుతారు. తగ్గిందంటే మళ్లీ చేరేవాళ్లకు బోనస్ పెంచుతారు. ఇవన్నీ చట్టబద్ధమే. ఇంకొక సంగతి, లెక్కలో ఉన్న ప్రతివాడూ పటాలంలో ఉండడు. శిక్షణలో ఉన్నవాళ్లు, బదిలీ మీద దారిలో ఉన్నవాళ్లు, ఆస్పత్రిలో ఉన్నవాళ్లు, కోర్సులు చదివేవాళ్లు, అమెరికన్ ఆర్మీలో వీళ్లే పదిమందిలో ఒకరికి పైగా ఉంటారు. అంకె తగ్గించినప్పుడు ఆ వాటా అదే నిష్పత్తిలో తగ్గదు, కోత పటాలాల మీదే పడుతుంది.

ర్యాంకుల మీద కూడా చట్టంలో విడిగా పరిమితులున్నాయి: మేజరు నుంచి కర్నలు దాకా ఒక పట్టిక, జనరళ్లకు నేరుగా సంఖ్య, పై హోదా సిపాయిలకు శాతం. లేకపోతే మొత్తం అంకె లోపలే అందరూ పెద్ద ర్యాంకులకు ఎగబాకుతారు కదా.

ఇప్పుడు పెద్ద కంత. మన ప్రభుత్వ ఆఫీసుల్లో మంజూరైన పోస్టులు పెంచకుండా అవుట్‌సోర్సింగ్ వాళ్లతో పని నడిపించడం మీకు కొత్త కాదు. పట్టీలో ఖాళీ ఖాళీగానే ఉంటుంది, కుర్చీలో మాత్రం మనిషి ఉంటాడు. ఇరాక్ యుద్ధంలో జరిగింది అదే. 2008 నాటికి ఆ ప్రాంతంలో అమెరికా కాంట్రాక్టు మనుషులు సుమారు 1,90,000, దాదాపు సైనికులంతమంది. వంట, ట్రక్కులు, మరమ్మతులు, కాపలా. వీళ్లలో ఒక్కరూ 401వ సెక్షను లెక్కలోకి రారు. రిజర్వు దళాల్లోంచి పిలిపించినవాళ్ల సంగతి చూడండి. కొంతకాలానికి పిలిచినవాడు పూర్తికాల లెక్కలోకి రాకూడదు, నిజమే. ఎంతకాలం అన్నదే ప్రశ్న. 2005 ఆర్థిక సంవత్సరపు చట్టం ఒక గీత గీసింది: స్వచ్ఛందంగా వచ్చిన రిజర్విస్టు గత 1,460 రోజుల్లో 1,095 రోజులు దాటి పనిచేస్తే అప్పుడు లెక్కలో రాయాలి. అంటే నాలుగేళ్లలో మూడేళ్లు పూర్తికాలం పనిచేసినా పూర్తికాలం కాదన్నమాట!

అన్నింటికంటే పెద్ద తలుపు యుద్ధం. యుద్ధమో జాతీయ అత్యవసర పరిస్థితో ఉంటే అధ్యక్షుడు ఈ పరిమితులన్నీ పక్కన పెట్టవచ్చని చట్టంలోనే ఉంది. 2001 సెప్టెంబరు 11 దాడుల తరువాత మూడో రోజు, 14న, అధ్యక్షుడు బుష్ ఆ అధికారాన్ని ప్రకటించారు. ఆ అత్యవసర పరిస్థితిని అప్పటినుంచి ప్రతి సెప్టెంబరులో పొడిగిస్తూనే వచ్చారు. ఆర్మీ అధికృత సంఖ్య 2001లో 4,80,000. కాంగ్రెస్ అంకెను వెనకనుంచి సర్దుతూ వచ్చింది, 2005కు 5,02,400, 2011కు 5,69,400. ముందు మనుషులు పెరిగారు, వెనకనుంచి చట్టం పెరిగింది. గడువు తీరినవాళ్లను కూడా ఇంటికి పంపకుండా ఆపే స్టాప్ లాస్ ఉత్తర్వులు ఆ కాలానివే.

దీనికి ఎదురుదిక్కుగా జరిగింది 2022లో. ఆర్మీకి ఆ ఏడు 4,85,000 దాకా అధికారం ఉంది. 60,000 మందిని చేర్చుకుందామనుకుంటే సుమారు 45,000 మందే దొరికారు. లావు, చదువు, మత్తు అలవాట్లు, ఏదో ఒక కారణంతో 17 నుంచి 24 ఏళ్ల కుర్రకారులో 77 శాతం మినహాయింపు లేకుండా పనికిరారని రక్షణ శాఖ తన అధ్యయనంలోనే చెప్పింది. ఏడాది చివరకు సుమారు 4,66,000 దగ్గర ఆగింది. మరుసటి ఏడు కాంగ్రెస్ ఆర్మీ అంకెను 4,52,000కు దించింది. ఎవరి మీదా వేటు పడలేదు, ఎందుకంటే ఈ సెక్షన్లలో శిక్ష లేదు. జీతాల పద్దు దాటి ఖర్చు పెడితే మాత్రం వేరే చట్టం పట్టుకుంటుంది. మళ్లీ అదే రెండో పెన్ను.

ఇంకో మలుపు. పరిమితి అంటే పైకప్పే అనుకుంటాం. 1996 ఆర్థిక సంవత్సరంలో కాంగ్రెస్ నేల కూడా వేసింది: ఆర్మీ 4,95,000, నేవీ 3,95,000, మెరైన్లు 1,74,000, ఎయిర్ ఫోర్స్ 3,81,000, ఇంతకు తగ్గకూడదని. ప్రచ్ఛన్నయుద్ధం ముగిశాక ప్రభుత్వం కోస్తున్న వేగం చూసి భయపడింది. 1689లో సభ భయం రాజు సైన్యాన్ని పెంచేస్తాడని. ఇరవయ్యో శతాబ్దం చివరకు భయం తిరగబడింది, అధ్యక్షుడు తగ్గించేస్తాడని. 2020 ఆర్థిక సంవత్సరపు చట్టంలో దక్షిణ కొరియాలో 28,500 కంటే తగ్గించడానికి డబ్బు వాడకూడదని షరతు పెట్టింది కూడా ఇందుకే.

మిగతా దేశాలు గబగబా. జర్మనీ రాజ్యాంగంలో 87ఎ అధికరణం సైన్యపు సంఖ్యా, దాని నిర్మాణపు రూపురేఖలూ బడ్జెట్ పత్రంలో కనబడాలంటుంది. అంకె లేదు, కనబడాలన్న షరతే ఉంది. జపానులో ఆత్మరక్షణ దళాల సంఖ్య చట్టంలోనే ఉంటుంది, చాలా ఏళ్లపాటు 2,47,154. పాపం ఆ అంకెను వాళ్లెప్పుడూ నింపలేకపోతున్నారు. పదో వంతు దాకా ఖాళీలే. పిల్లలు పుట్టని దేశంలో పైకప్పు ఎంత ఎత్తున ఉంటే ఏం?

నాలుగో సంగతి చెబుతానన్నాను, ఎంతకాలం ఉంటాడన్నది. దానికి సంధి పత్రాల దగ్గరికి వెళ్లాలి. సంధి అంటే చట్టసభ పెట్టుకున్నది కాదు, ఓడించినవాడు పెట్టింది. కానీ పాఠం ఒకటే. 1808లో నెపోలియన్ ప్రష్యా సైన్యాన్ని 42,000కు కట్టేశాడు. ప్రష్యా అంకె దాటలేదు. కొందరిని చేర్చుకోవడం, కొద్ది నెలలు తర్ఫీదు ఇవ్వడం, ఇంటికి పంపడం, వాళ్ల స్థానంలో కొత్తవాళ్లను తేవడం. పట్టీలో ఎప్పుడూ 42,000లోపే, ఊళ్లలో మాత్రం తుపాకీ పట్టడం వచ్చినవాళ్లు పోగవుతున్నారు. ఆ పోగు మనం కథల్లో వినేంత పెద్దదేం కాదు. కానీ మొదటి ప్రపంచయుద్ధం ముగిశాక 1919లో వర్సాయ్‌లో సంధి రాయడానికి కూర్చున్నవాళ్లు ఆ కథ మరిచిపోలేదు. అందుకే జర్మనీకి లక్ష అని మాత్రమే రాసి ఊరుకోలేదు. అందులో అధికారులు 4,000 మించకూడదు. సిపాయి వరసగా 12 ఏళ్లు, కొత్త అధికారి 25 ఏళ్లు కొలువు చేయాలి. గడువుకు ముందు బయటికి వెళ్లేవాళ్లు ఏటా 5 శాతం మించకూడదు. కస్టమ్స్ కాపలాదారులు, అటవీ రక్షకుల సంఖ్య కూడా 1913లో ఉన్నదానికి మించకూడదు. చూశారా, యూనిఫాం మార్చి దాచిపెట్టే దారి కూడా మూసేశారు. పరిమితి రాయడంలో ఇంతకంటే పనితనం నాకు వేరే చోట కనబడలేదు.

అయినా కంత మిగిలింది. 12 ఏళ్లు ఉండే సిపాయిని తన పై మెట్టు పనికి తయారుచేశారు. సిపాయికి సార్జెంటు పని, సార్జెంటుకు అధికారి పని. పైగా లక్షే కాబట్టి ఏరికోరి చేర్చుకున్నారు. 1935లో హిట్లర్ నిర్బంధ సైనిక సేవ తెచ్చి 36 డివిజన్లు ప్రకటించినప్పుడు వాటికి నాయకులు ముందే సిద్ధంగా ఉన్నారు. రాకపోకలు తెరిచి ఉంచితే రిజర్వు పుడుతుంది, మూసేస్తే నాయకత్వం పుడుతుంది. ఏది ఎంచుకుంటారో ఎంచుకోండి.

ఇక ప్రశ్నలు అడగండి.

ప్రశ్న: సార్, మన పార్లమెంటు ఇలాంటి అంకె ఎందుకు పెట్టదు?

రాజ్యాంగం ఏడో షెడ్యూల్లో సైన్యం కేంద్రం చేతిలో ఉంది, 53వ అధికరణం కింద సర్వసేనాధిపత్యం రాష్ట్రపతిది, దాన్ని చట్టం ద్వారా క్రమబద్ధం చేయవచ్చని కూడా ఉంది. పార్లమెంటు తలుచుకుంటే అంకె పెట్టవచ్చు, అడ్డేం లేదు. 1950 సైనిక చట్టంలో మాత్రం అంకె లేదు. బ్రిటిష్ కాలంలో రక్షణ ఖర్చు మీద మన సభలకు ఓటే లేదు. గణతంత్రం వచ్చాక ఓటు వచ్చింది, అంకె అడిగే అలవాటు రాలేదు. సంఖ్య రక్షణ శాఖ మంజూరుతో నడుస్తుంది. 2013లో చైనా సరిహద్దు కోసం కొత్త కోర్‌కు, అంటే కొన్ని డివిజన్లు కలిసిన పెద్ద దళానికి, భద్రతా వ్యవహారాల కేబినెట్ కమిటీ ఆమోదం తెలిపింది. సుమారు 90,000 మంది, సుమారు 64,000 కోట్ల రూపాయలు. దానికి చట్టం ఏదీ రాలేదు. తరువాత డబ్బు చాలక రెండో డివిజన్ దగ్గర ఆగిపోయింది. అంటే మనకు పరిమితి లేదనకండి, ఆర్థిక శాఖే పరిమితి. పద్దుల మీద ఓటు ఉందిగా అంటారేమో. 2018లో, 2023లో మొత్తం పద్దులన్నీ లోక్‌సభలో చర్చ లేకుండా గిలటిన్‌తో, అంటే అన్నీ కలిపి ఒకేసారి ఓటుకు పెట్టి, పాసయ్యాయి, రక్షణతో సహా.

ప్రశ్న: అగ్నిపథ్ కూడా చట్టం లేకుండానే వచ్చింది కదా సార్?

అవును, 2022 జూన్‌లో కేబినెట్ నిర్ణయంగా వచ్చింది. ఢిల్లీ హైకోర్టు 2023లో సమర్థించింది, సుప్రీంకోర్టు జోక్యం చేసుకోలేదు. నేనిందాక చెప్పిన రాకపోకల సంగతే ఇది. నాలుగేళ్లు, ఆపైన 25 శాతం దాకా ఉంచుకుంటారు. మొదటి ఏడు 46,000 మందిని తీసుకుంటామన్నారు. దీనికి ముందు రెండేళ్లు కరోనా పేరుతో భర్తీ ఆగిపోయింది. ఆ ఖాళీలు, వయసు దాటిపోతున్న కుర్రాళ్ల ఆవేదన కలిసే 2022 జూన్ 17న సికింద్రాబాద్ స్టేషన్లో అంత గొడవై, కాల్పుల్లో ఒక యువకుడు చనిపోయేదాకా వెళ్లింది. సిపాయి సంఖ్య, కొలువు కాలం చట్టంలో ఉన్న దేశంలో అయితే ఆ మార్పు బిల్లుగా రావాలి, సంఘం ముందుకు వెళ్లాలి, పాత పద్ధతిలో పరీక్షలు రాసి ఎదురుచూస్తున్నవాళ్ల సంగతి ఏంటని ఎవరో ఒక సభ్యుడు అడగాలి. ఫలితం ఇదే అయ్యుండొచ్చు. కానీ ముందుగా తెలిసేది. 2025-26 బడ్జెట్లో రక్షణకు 6.81 లక్షల కోట్లు ఇస్తే అందులో పింఛన్లే 1.60 లక్షల కోట్లు. ఈ పథకం వెనక ఉన్న లెక్క అదేనని వేరే చెప్పనక్కర్లేదు.

ప్రశ్న: ఉక్రెయిన్ సైన్యానికి 6 లక్షలు, 8 లక్షలు అంటున్నారు. ఎవరు లెక్కిస్తారు?

2025 నవంబరులో బయటికొచ్చిన శాంతి ఒప్పందపు ముసాయిదాలో 6 లక్షలు మించకూడదన్నారు, తరువాత 8 లక్షల మాట వచ్చింది. ఇలాంటి లెక్కకు ఐరోపాలో ఒక నమూనా ఉంది. 1992 జులైలో హెల్సింకిలో సంతకాలైన ఒడంబడికలో ఒక్కో దేశం తన అంకె తానే ప్రకటించుకుంది. రష్యా ఐరోపా భాగానికి 14,50,000, జర్మనీ 3,45,000, ఉక్రెయిన్ 4,50,000. ఏటా ఒకరికొకరు సమాచారం ఇచ్చుకోవాలి. అది రాజకీయ మాటే గానీ చట్టబంధం కాదు. ఇప్పటి ముసాయిదాల్లో చూడాల్సింది నేషనల్ గార్డు, సరిహద్దు దళం లోపలా బయటా, ఏడాదికి ఎంతమందిని తర్ఫీదు ఇచ్చి పంపవచ్చు అన్నవి. 1919లో అటవీ రక్షకుల గురించి కూడా రాసుకున్నారంటే అందుకే.

ప్రశ్న: పార్లమెంటు నిజంగానే డబ్బు ఆపేస్తే ఏమవుతుంది సార్?

అయింది. అమెరికాలో, 1877లో. దక్షిణాది రాష్ట్రాల్లో సైన్యాన్ని వాడటం మీద ఉభయసభలకూ పడక, ఆర్మీ పద్దు పాస్ చేయకుండానే మార్చిలో కాంగ్రెస్ ముగిసింది. జులై 1 నుంచి జీతాలు లేవు. తిండి, బట్టలు ఇచ్చారు, రొక్కం లేదు. అధికారులు బ్యాంకుల దగ్గర అప్పులు చేశారు. ఆ జీతం లేని సైన్యమే ఆ వేసవిలో నెజ్ పర్స్ ఆదివాసుల వెంట వందల మైళ్లు తిరిగింది, రైల్వే సమ్మె దగ్గర కాపలా కాసింది. అక్టోబరులో అధ్యక్షుడు హేస్ ప్రత్యేక సమావేశం పిలిచి, నవంబరులో పద్దు పాసయ్యాక గానీ చేతికి డబ్బు రాలేదు. 2025 అక్టోబరులో మళ్లీ బడ్జెట్ ఆగిపోయినప్పుడు అంతదాకా రానివ్వలేదు, పరిశోధన పద్దులోని సుమారు 800 కోట్ల డాలర్లు సైనికుల జీతాలకు మళ్లించారు. కాంగ్రెస్ ఒక పనికి ఇచ్చిన డబ్బును ఇంకో పనికి వాడొచ్చా అని వెంటనే ప్రశ్న లేచింది. జీతం అందిన సిపాయిల తరఫున కోర్టుకు వెళ్లేదెవరు? అందుకే అది నడిచిపోయింది.